నల్లగొండ, పాలమూరు మెట్ట సేద్యంపై పర్యావరణ విధానాల ప్రభావం

దక్షిణ తెలంగాణలో ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలు చాలావరకు కృష్ణా నదికి ఉత్తరాన ఎత్తుగా పరుచుకున్న మెట్ట ప్రాంతం. నది హద్దునే పారుతున్నా నీళ్లు చేనికి ఎక్కవు. నది అడుగున ఉంటుంది, చేను మిట్టన ఉంటుంది. ఏటా కురిసే వాన చాలాచోట్ల 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్యే. పైన ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు, అక్కడక్కడా నల్లరేగడి ఉంటాయి. కింద గట్టి గ్రానైటు రాయి. ఆ రాయిలో పగుళ్లున్న చోటే నీరు దొరుకుతుంది. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనతో ఈ రెండు జిల్లాలు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలయ్యాయి. 2019లో నారాయణపేట ఏర్పడింది. కొన్ని మండలాలు ఇరుగుపొరుగు జిల్లాల్లో కలిశాయి.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. కమతాల్లో 88 శాతానికి పైగా సన్న, చిన్నకారు రైతులవే. ఈ రైతు పండించేది ఇంటి తిండికి మాత్రమే కాదు. పత్తి, వడ్లు, కంది, వేరుశనగ, ఆముదం, బత్తాయి అన్నీ మార్కెట్ కోసమే పండుతాయి. విత్తనం కొనాలి, మందు కొనాలి, కూలి ఇవ్వాలి, మిత్తి కట్టాలి. రెండున్నర ఎకరాల మీద నడిచే ఈ చిన్న వ్యాపారానికి నీరు, అడవి, వన్యప్రాణులు, నదుల కాలుష్యం, పురుగుమందుల మీద ప్రభుత్వాలు చేసిన చట్టాలు నేరుగా తగులుతాయి. అయితే అవి రైతుకు చట్టం రూపంలో కనబడవు. తహసీల్ ఆఫీసులో అనుమతి కాగితంగానో, కరెంటు వచ్చే వేళలుగానో, విత్తన ప్యాకెట్టులో అదనపు సంచిగానో, చేను పక్కన అటవీ శాఖ తవ్విన కందకంగానో ఎదురవుతాయి. నిబంధన రెండెకరాలకూ ఇరవై ఎకరాలకూ ఒక్కటే. దాన్ని పాటించడానికయ్యే ఖర్చు మాత్రం ఎకరం లెక్కన చూస్తే చిన్న రైతు మీదే ఎక్కువ పడుతుంది. ఈ ప్రాంతంలో గత మూడు దశాబ్దాల అనుభవం దాదాపు ప్రతి విధానంలోనూ ఇదే చూపుతోంది.

బోరు, కరెంటు, వాల్టా

అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1975 నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాలను అధ్యయనం చేస్తూ వచ్చారు. మొదట్లో ఔరేపల్లి చేలల్లో జొన్న, ఆముదం ఉండేవి. తర్వాత వాటి స్థానంలోకి పత్తి వచ్చింది. దోకూరులో చెరువు నిండని ఏళ్లు వరసగా రావడంతో జనం వలస పట్టారు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఆనకట్టల పనుల దగ్గర వినిపించడానికి కారణం ఈ నీటి కరువే. మోట బావులు ఎండాయి. బావిలోనే అడ్డబోర్లు వేశారు. తర్వాత బావిని వదిలేసి చేలో బోరు దింపారు. 2004లో పత్రికా రచయిత పి. సాయినాథ్ నల్లగొండ జిల్లా ముసంపల్లి గురించి రాసినప్పుడు, ఆ ఊళ్లో మనుషుల కంటే బోర్లే ఎక్కువని దేశానికి తెలిసింది.

బోరు విఫలమైతే పోయేది తవ్విన ఖర్చు ఒక్కటే కాదు. రిగ్గు కిరాయి అడుగుల లెక్కన కట్టాలి. కేసింగ్ పైపుకు వేరే, మోటరుకు వేరే, కేబుల్‌కు వేరే ఖర్చు. నీళ్లు పడకుండా దుమ్ము లేస్తే ఆ అప్పు మీదే ఇంకో అప్పు చేసి, పది గజాల అవతల ఇంకో చోట వేస్తారు. ఇక్కడ ఒక విధానం ఎదురుతిరిగింది. భూగర్భజలాలను అతిగా తోడేసిన ప్రాంతాల్లో కొత్త బావులకు రుణాలిస్తే పరిస్థితి ఇంకా చెడుతుందని జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ అలాంటి చోట్ల రీఫైనాన్స్ ఆపింది. పర్యావరణం దృష్టితో చూస్తే అది సరైన నిర్ణయమే. కానీ బోర్లు ఆగలేదు. బ్యాంకు తలుపు మూసుకుంటే రైతు ఫైనాన్స్ వ్యాపారి దగ్గరికి, ఎరువుల దుకాణం ఆసామి దగ్గరికి వెళ్లాడు. బోరు అదే, మిత్తి మాత్రం ఎక్కువ.

కరెంటు సంగతి ఇంతకంటే చిక్కు. 1980ల్లో పంపుసెట్లకు మీటర్లు పోయి, హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింతని కట్టే పద్ధతి వచ్చింది. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. ఆ తర్వాత కెపాసిటర్, ఐఎస్ఐ మార్కు మోటరు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వ్ వంటి పొదుపు షరతులు వచ్చాయి. ఊళ్లలో వాటి అమలు నామమాత్రమే. తెలంగాణ ప్రభుత్వం 2017లో పాత మెదక్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల్లో ముందుగా ప్రయోగించి, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్ ఇచ్చింది. రాత్రిపూట చీకట్లో మోటరు పెట్టడానికి వెళ్లి పాము కాటుకూ కరెంటు షాకుకూ చనిపోయే కష్టం దీంతో తగ్గింది. ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. కానీ కరెంటు ఎప్పుడూ ఉండి, మోటరుకు ఆటోస్టార్టర్ బిగించి ఉంటే బోరు నిద్రపోదు. అందుకే విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి ఆటోస్టార్టర్లు తీసేయమని బతిమాలారు. భూగర్భజలం పడిపోతోంది, పగటి పూట కొన్ని గంటలు ఇస్తే చాలని కొన్నిచోట్ల రైతులే కోరారు. ఆ కోరిక వెనక లెక్క ఉంది. లోతైన బోరూ పెద్ద మోటరూ ఉన్నవాడు 24 గంటలు తోడితే పక్క చేను వాడి తక్కువ లోతు బోరు ముందు ఎండుతుంది.

ఈ తోడకాన్ని అదుపు చేయడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం తెచ్చింది. జనం నోట అది వాల్టా. దానికి ముందు తాగునీటి కోసం భూగర్భజలాల నియంత్రణకు 1996లో ఒక చట్టం వచ్చింది. వాల్టా దాన్ని విస్తరించింది. బావులు రిజిస్టర్ చేయించాలి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి, రిగ్గులు నమోదు కావాలి, చెట్టు కొట్టాలన్నా ఇసుక తీయాలన్నా అనుమతి కావాలి. రాష్ట్రం, జిల్లా, మండలం స్థాయుల్లో ప్రాధికార సంస్థలను కూడా పెట్టారు. తెలంగాణ ఏర్పడ్డాక ఈ చట్టాన్నే స్వీకరించారు.

చట్టం ఉద్దేశం మంచిదే. అందులోని లోపం మరోచోట ఉంది. అప్పటికే బోరు ఉన్నవాడికి రిజిస్ట్రేషన్‌తో రక్షణ దొరికింది, ఎంత తోడినా అడిగేవారు లేరు. కొత్తగా బోరు వేసుకోవాలనుకున్నవాడి మీదే అనుమతి భారం పడింది. ఈ మెట్టలో ఆలస్యంగా బోరు వేసుకున్నది ఎవరు? అసైన్డ్ భూమి పొందిన దళిత కుటుంబాలు, అన్నదమ్ముల పంపకంలో బావి లేని ముక్క దక్కినవాళ్లు, వలస నుంచి తిరిగొచ్చి పడావు పడ్డ భూమిని చదును చేసుకున్నవాళ్లు. నీటిని మొదట తోడినవాళ్ల వాటా అలాగే ఉంచి, చివర వచ్చినవాళ్లకు అడ్డుగేటు వేసిన చట్టం ఇది. అమలు బలహీనంగా ఉండటం వల్ల ఆ గేటు చాలాచోట్ల తెరిచే ఉంది. కానీ చీకటి మాటున వేసిన బోరుకు రసీదు ఉండదు. అది విఫలమైతే ఏ కార్యాలయంలోనూ నమోదు కాదు.

ఇసుక విషయంలో మాత్రం చట్టం రైతు పక్షాన నిలవగలిగేది. మహబూబ్‌నగర్ వాగుల్లోని ఇసుక హైదరాబాద్ భవనాలకు తరలింది. వాగు అడుగు లోతైన కొద్దీ ఒడ్డు బావుల్లో నీళ్లు దిగిపోయాయి. ఇసుక తగ్గాక ఫిల్టర్ ఇసుక వ్యాపారం పుట్టింది. పొలాల పైమట్టిని తవ్వి, మోటరుతో నీళ్లు కొట్టి కడిగి, ఇసుకను వేరుచేసి లారీకి ఎత్తుతారు. మట్టీ పోతుంది, నీరూ పోతుంది. ఒక్కసారి డబ్బు వస్తుందని చేను ఇచ్చిన రైతుకు ఆ తర్వాత మిగిలేది గుంత.

నీళ్లు కొలిచిన రైతులు

2000ల మధ్యలో ఇదే ప్రాంతంలో ఇంకో దారి కూడా పరీక్షకు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ నిధులతో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు మొదలైంది. దాన్ని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి నడిపింది. మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో 600కు పైగా ఆవాసాల్లో అది 2010 వరకు సాగింది. అందులో సబ్సిడీ లేదు, నిషేధం లేదు, జరిమానా లేదు.

ఊళ్లో కొన్ని బోర్లను పరిశీలన బోర్లుగా ఎంచుకున్నారు. రైతు, తరచు మహిళా రైతు, టేపు చివర సెన్సర్ ఉన్న పరికరాన్ని బోరు గొట్టంలోకి మెల్లగా దింపుతుంది. సెన్సర్ నీటికి తగలగానే శబ్దం వస్తుంది. టేపు మీద ఎన్ని మీటర్లున్నాయో చూసి పుస్తకంలో రాస్తుంది. బోరు ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి డ్రమ్ము పెట్టి, అది నిండే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో చూస్తారు. వానమాపకం లెక్క విడిగా ఉంటుంది. ఈ అంకెలన్నీ ఊరి గోడ మీది బోర్డు మీద అందరికీ కనబడేలా రాస్తారు. వానాకాలం ముగిశాక, యాసంగి మొదలుకాక ముందు ఒకే వాగు పరివాహకంలోని ఊళ్ల రైతులు కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేస్తారు. భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరు ఏం వేయాలనుకుంటున్నారు, వరి ఎంత, వేరుశనగ ఎంత, కూరగాయలు ఎంత, మొత్తం ఎంత నీరు కావాలి, ఎంత తక్కువ పడుతోంది అన్నీ లెక్క తేలుతాయి. ఆ తర్వాత ఎవరి నిర్ణయం వారిదే. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆపలేదు.

మూడేళ్ల లెక్కలు చూస్తే, ప్రాజెక్టు పరిధిలోని పరివాహకాల్లో 42 శాతం చోట్ల యాసంగి తోడకం వరసగా తగ్గింది. 51 శాతం చోట్ల కొన్ని ఏళ్లు తగ్గి కొన్ని ఏళ్లు తగ్గలేదు. 7 శాతం చోట్ల మాత్రమే పెరిగింది. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాలపై వెలువరించిన నివేదిక ఈ ఫలితాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. రైతులు తగ్గించింది పర్యావరణం మీది ప్రేమతో అనుకోనక్కరలేదు. ఫిబ్రవరిలో బోరు ఆగి పొట్టకొచ్చిన వరి ఎండితే పెట్టుబడంతా పోతుందని అక్టోబర్‌లోనే వారికి తెలిసింది. చిన్న రైతుకు ఆ సమాచారం సబ్సిడీ కంటే విలువైనది. ప్రాజెక్టు ముగిశాక చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయి. అలా ఆగనివ్వడం ఈ ప్రాంత విధాన చరిత్రలో పెద్ద పొరపాటు.

బిందుసేద్యం అంత మెత్తగా జనంలోకి వెళ్లలేదు గానీ, వెళ్లిన చోట నిలిచింది. 2003 నవంబర్‌లో మొదలైన సూక్ష్మసేద్య పథకం కింద సబ్సిడీ ఇచ్చారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు పూర్తిగా, బీసీ, సన్నచిన్నకారు రైతులకు 90 శాతం వరకు ఇచ్చారు. నల్లగొండ బత్తాయి తోటలకు ఇది ప్రాణం పోసింది. కరువు ఏడాదుల్లో నీళ్లు లేక ఎండిన బత్తాయి చెట్లను కొట్టి కట్టెలుగా అమ్ముకున్న రైతులున్న జిల్లా ఇది. కానీ డ్రిప్ మంజూరు కావాలంటే పట్టాదారు పాస్‌బుక్కూ బోరూ రెండూ ఉండాలి. కౌలురైతుకు మొదటిది లేదు, మెట్ట రైతుకు చాలాసార్లు రెండోది లేదు.

చెరువు, పూడిక మట్టి

పానగల్లు ఉదయసముద్రం, ఖిల్లా ఘనపూర్ గణపసముద్రం వంటి మధ్యయుగపు చెరువులున్న ఈ నేలలో చెరువు బాగుకోరే విధానానికి వెంటనే ఆదరణ దొరికింది. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46,000కు పైగా చెరువులను పునరుద్ధరించాలని పెట్టుకుంది. పూడిక తీతతో రెండు లాభాలు వచ్చాయి. చెరువులో నీరు పట్టింది, ఆ ఒండ్రు మట్టి చల్క చేలకు చేరి తేమ నిలిచింది. తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ట్రాక్టర్ తోలకం ఖర్చు రైతుది. చెరువుకు దగ్గరగా ఉన్నవాడికి, చేతిలో రూకలున్నవాడికి ట్రిప్పులు ఎక్కువ అందాయి. ఇంకో కోణం శిఖం భూములది. చెరువు లోపలి భాగంలో ఏళ్లుగా సాగు చేసుకుంటున్నవాళ్లకు చెరువు నిండటం అంటే చేను మునగడమే. కట్ట కింది ఆయకట్టుకు వచ్చిన నీటి లాభాన్ని లెక్కించిన కాగితాల్లో శిఖం రైతు నష్టానికి పద్దు లేదు.

మూసీ పొడవునా

హైదరాబాద్ దాటగానే మూసీ సాగునీటి కాలువ అవుతుంది. 1908 వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పైనుంచి వచ్చే మంచినీటిని పట్టాయి. నగరం పెరిగాక దాని మురుగు ఏడాది పొడవునా నదిలో పారింది. యాదాద్రి భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఆ నీటిని కత్వలు (చిన్న ఆనకట్టలు) ఆపి కాలువల్లోకి మళ్లిస్తాయి. భువనగిరి వైపు బునాదిగాని కాలువ, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డి కాలువలు దీని మీద ఆధారపడినవే. బోరు ఎండిన ఏట కూడా మూసీ ఆయకట్టులో రెండు కార్లు వరి పండుతుంది. నీటి కోసం దేవులాడే మెట్టకు కూతవేటు దూరంలో ఈ ధీమా ఉంది.

ధర మాత్రం వేరేగా కట్టాలి. నగరానికి దగ్గరి భాగంలో నీటి ఉప్పదనం వల్ల వరి దిగుబడి తగ్గి, రైతులు పశువులకు అమ్మే గడ్డి సాగుకు మళ్లారని అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. కింది ఊళ్లలో నాటేసే ఆడవాళ్లకు కాళ్లూ చేతులూ దురద, పుండ్లు మామూలయ్యాయి. మూసీ వడ్లని తెలిస్తే ధర తగ్గించే వ్యాపారులున్నారు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల శుద్ధి కేంద్రం, నాగోల్‌లో 172 మిలియన్ లీటర్లది కట్టారు. నగరం పెరిగిన వేగానికి అవి చాలలేదు. 2024 నవంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేసి, నదిని శుద్ధి చేస్తామని రైతులకు చెప్పారు. హైదరాబాద్ లోపల ఇళ్లు పోతాయన్న భయంతో వ్యతిరేకత వచ్చిన పథకానికి దిగువ రైతుల్లో మద్దతు దొరకడం సహజమే. అయితే వీరికి కావలసింది శుద్ధమైన నీరు, తక్కువైన నీరు కాదు. శుద్ధి చేసిన నీటిని నగరంలోని పరిశ్రమలకూ పార్కులకూ మళ్లిస్తే కత్వల కింది ఆయకట్టు ఎండుతుంది. దిగువ సాగుకు ఇంత నీరు ఖాయం అన్న హామీ రాతపూర్వకంగా లేని ఏ నదీ పథకమూ ఈ రైతులకు న్యాయం చేయజాలదు.

ప్రాజెక్టులు, అనుమతులు, పులుల అభయారణ్యం

నీటి కోసం నల్లగొండ చేసిన నిరసనల్లో 1996 లోక్‌సభ ఎన్నిక ప్రత్యేకమైనది. జలసాధన సమితి పిలుపుతో ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. మర్రిగూడ, నారాయణపూర్, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల గోడు ఆ పేర్ల వరసలో దేశానికి చేరింది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాయిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా వస్తుంది గనక సాగునీరు, తాగునీరు ఇక్కడ వేరు సమస్యలు కావు.

నల్లగొండ అడిగిన నీటిలో ఎక్కువ భాగం శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం గుండా రావాలి. దాదాపు 44 కిలోమీటర్ల ఈ సొరంగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం కింద సాగుతుంది. అడవికి భంగం కలగకూడదన్న నియమం వల్ల మధ్యలో ఎక్కడా పక్క సొరంగాలు తవ్వే వీలు లేకపోయింది. రెండు చివర్ల నుంచి యంత్రాలతోనే తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది. 2000ల మధ్యలో మొదలైన పని ఏళ్ల తరబడి సాగింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి లోపల 8 మంది చిక్కుకున్నారు, వారిలో ఎవరూ ప్రాణాలతో బయటపడలేదు. ఈ ఆలస్యానికి అడవి నియమమే కారణమనడం తప్పు. నిధులు, రాయి తీరు, యంత్రాల మరమ్మతు అన్నీ ఉన్నాయి. కానీ ఆ నియమం పనిని కష్టం చేసిందన్నది వాస్తవం. అందుకయ్యే అదనపు కాలానికి మూల్యం కట్టింది మాత్రం పుట్టంగండి ఎత్తిపోతల నీళ్ల కోసమో బోరు కోసమో చూస్తూ కూర్చున్న రైతు.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కథ వేరు. 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగిన ఈ పథకం పనులు పర్యావరణ అనుమతి లేకుండానే సాగాయి. తాగునీటి కోసమేనన్నది ప్రభుత్వ వాదన. జాతీయ హరిత ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. 2021 అక్టోబర్‌లో పనులు ఆపమంది. 2022 డిసెంబర్‌లో పాలమూరు, డిండి ఎత్తిపోతల పథకాలకు కలిపి దాదాపు 920 కోట్ల రూపాయల పరిహారం విధించింది. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తాగునీటి మేరకు 7.15 టీఎంసీల పనులకు వీలిచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 16న నార్లాపూర్ దగ్గర మొదటి పంపు తిరిగింది. ముందే అనుమతి తీసుకుని ఉంటే ఈ కోర్టు కాలం కలిసివచ్చేది. పర్యావరణ చట్టం అభివృద్ధికి అడ్డమన్న వాదన ఈ ప్రాంతంలో తరచు వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం చట్టాన్ని పక్కనపెట్టడమే పథకాన్ని వెనక్కి లాగింది. ఉదండాపూర్, వల్లూరు వంటి ఊళ్లలో రిజర్వాయర్‌కు భూమి ఇచ్చిన చిన్న రైతులు మధ్యలో చిక్కారు. చేతిలో భూమి లేదు, కాలువలో నీరు లేదు.

జింక, పంది, పోడు

నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి మొదటి షెడ్యూల్ రక్షణ ఇచ్చింది. ఇక్కడ వాటికి దట్టమైన అడవి లేదు, అభయారణ్యం లేదు. అవి బతికేది రైతు చేలోనే. పత్తి, కంది మొలకెత్తిన వారం పది రోజుల్లో మంద దిగితే సాళ్లు ఖాళీ. రైతు మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి, అప్పటికి అదును దాటుతుంది. వాటిని కొట్టకూడదు, కొట్టాలని ఎక్కువమంది అనుకోరు కూడా. ఇల్లు వదిలి మంచె మీద రాత్రిళ్లు కాపలా కాయడమే మిగిలిన దారి. వాటిని పట్టి తరలించేందుకు ముడుమాల్ దగ్గర సంరక్షణ కేంద్రం పెట్టే ప్రయత్నం నడిచింది. అడవి పందుల విషయంలో తెలంగాణ 2021లో సర్పంచులకు అధికారం ఇచ్చి, పంటకు ముప్పున్న చోట శిక్షణ ఉన్నవారితో చంపించే వీలు కల్పించింది. దేశం కోసం ఒక జంతువును కాపాడుతుంటే దాని మేత ఖర్చు మూడెకరాల రైతు ఒక్కడే భరించడం న్యాయం కాదు. నష్టపరిహారం పంట పెట్టుబడికి సరిపడేలా, అదే సీజన్‌లో అందాలి.

నల్లమల అడవుల్లో పోడు (అటవీ భూమిలో సాగు) సమస్య ఇంకా పాతది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇచ్చింది. గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. 2015లో మొదలైన హరితహారం అనే మొక్కల పెంపకం పథకంలో తవ్విన కందకాలు కొన్నిచోట్ల పోడు చేలకు అడ్డంగా వచ్చి ఘర్షణలయ్యాయి. 2023 జూన్ 30న ప్రభుత్వం రాష్ట్రమంతటా 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. అప్పట్లో పట్టా వస్తేనే రైతుబంధు పెట్టుబడి సాయం, పంట రుణం దక్కేవి. అమ్రాబాద్ కోర్ ప్రాంతంలోని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్లకు తరలింపు ప్రతిపాదన వచ్చింది. దీనికింద కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. అదే నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని చెంచు గిరిజనులు, రైతులు నిలబడితే 2019 సెప్టెంబర్‌లో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పులి కోసం ఊరు ఖాళీ చేయమన్న నోటితోనే గనికి దారి ఇస్తారా అన్న ప్రశ్నకు ఆ తీర్మానం కొంతవరకైనా జవాబిచ్చింది.

పత్తి ప్యాకెట్టులో నిబంధన

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి ఇస్తూ కేంద్రం ఒక షరతు పెట్టింది. చేను చుట్టూ అయిదు సాళ్లు లేదా 20 శాతం విస్తీర్ణం, రెంటిలో ఏది ఎక్కువైతే అంత, బీటీ కాని పత్తి వేయాలి. కాయతొలుచు పురుగుకు నిరోధకత రాకుండా ఆపడానికి ఇది శాస్త్రీయంగా అవసరమైన నియమం. అందుకే 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. లెక్క వేసి చూస్తే చతురస్రంగా ఉన్న పదెకరాల చేలో ఇది 20 శాతం. ఎకరం చేలో మూడడుగుల సాళ్లతో చుట్టూ అయిదు వేస్తే పావు వంతుకు పైనే. ఎకరం రైతు అంత భూమిని పురుగుకు వదిలేసి బతకలేడు. ఆ చిన్న సంచి ఇంటి చూరులోనో చెత్తలోనో మిగిలిపోయింది. 2017 నాటికి తెలంగాణ పత్తి చేలల్లో గులాబీ రంగు పురుగు విజృంభించింది. తర్వాతి కాలంలో రెండు విత్తనాలను ఒకే ప్యాకెట్టులో కలిపే పద్ధతి వచ్చింది. ఆ ఆలోచన మొదటి రోజే వచ్చి ఉండవలసింది.

కలుపు మందుదీ ఇలాంటి కథే. గ్లైఫోసేట్ వాడకాన్ని తెలంగాణ 2018లో కట్టడి చేసింది, కేంద్రం 2022 అక్టోబర్‌లో దాన్ని తెగుళ్ల నివారణ నిపుణుల చేతికే పరిమితం చేసింది. ఆరోగ్యం దృష్ట్యా ఈ కట్టడి అవసరమే. కానీ కలుపు తీసే కూలి పెరిగిన చోట, అనుమతి లేని కలుపు తట్టుకునే పత్తి విత్తనం రహస్యంగా అమ్ముడవుతూనే ఉంది. బిల్లు లేని ఆ విత్తనం మొలవకపోతే రైతుకు అడిగే హక్కు లేదు. నిషేధంతో పాటు కలుపు తీసే చిన్న యంత్రాలను అద్దెకు అందించి ఉంటే దొంగ విత్తనానికి గిరాకీ తగ్గేది.

సేంద్రియ సాగుకు వెళ్లినవారికి ముద్ర కావాలి. ఒక్క రైతు మూడో పక్షం ధ్రువీకరణ ఖర్చు పెట్టుకోలేడు. అందుకే కనీసం అయిదుగురు రైతులు ఒకరి చేను ఒకరు చూసి పూచీపడే భాగస్వామ్య హామీ (పీజీఎస్) పద్ధతి ఉంది. ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలుండి నేరుగా వినియోగదారుడికి అమ్మే చిన్న రైతుకు ఆహార భద్రతా సంస్థ నిబంధనలు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఇచ్చాయి. చిన్నవాడి కొలతకు కుట్టిన నిబంధన ఎలా ఉంటుందో చూపడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇథనాల్ వివాదం

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వాతావరణానికి మేలన్నది కేంద్ర విధానం. ఆ కర్మాగారాలు త్వరగా రావడానికి 2021 జూన్‌లో పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలు సడలించారు. బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి పొందే వర్గంలో వాటిని చేర్చారు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులో కర్మాగారం మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులు దుర్వాసన, వాగులోకి వ్యర్థజలం అని ఆందోళన చేశారు. 2023లో అది ఉద్రిక్తంగా మారింది. 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో కర్మాగారం కట్టకముందే రైతులు అడ్డుపడ్డారు. అభిప్రాయం చెప్పే సభ ముందే జరిపి ఉంటే ఈ కోపం రోడ్డు మీదికి వచ్చేది కాదు. బోరు నీరే ఆధారమైన ఊళ్లో నీరు ఎక్కువ వాడే పరిశ్రమ పెట్టేటప్పుడు ఆ ఊరిని అడగకపోవడం పర్యావరణ విధానం అనిపించుకోదు.

ఈ ప్రాంతానికి ఇప్పుడు వెంటనే చేయగల పని ఒకటుంది. రాష్ట్ర భూగర్భజల శాఖ తన పరిశీలన బావుల్లో నీటిమట్టాన్ని ప్రతి నెలా కొలుస్తోంది. వాల్టా చట్టం మండల స్థాయి ప్రాధికార సంస్థను ఏనాడో ఏర్పరచింది. నీటి బడ్జెట్ వేయడం తెలిసిన రైతులు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. ప్రతి అక్టోబర్‌లో ఆ కొలతలను గ్రామపంచాయతీ గోడ మీద రాయించి, యాసంగి విత్తనం కొనకముందే రైతులను కూర్చోబెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. వ్యవసాయ శాఖ, భూగర్భజల శాఖ, తహసీల్దార్లు కలిసి వచ్చే యాసంగి నుంచే దీన్ని మొదలుపెట్టాలి.